గొళ్ళెం పెట్టకండి సారూ

హెడ్మాస్టరు గారికి,

నేను మూడో తరగతి సౌజన్య తల్లిని. నిన్న పాపను తీసుకొని ఇంటికి వచ్చేశాను, చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

ప్రార్థనలో మైకు కీచుమనగానే మా పాప చెవులు మూసుకొని అరిచిందట. ఆటల సారు చెయ్యి పట్టి లాగితే కొరికిందట. కొరకడం తప్పే, ఆయనకు దండం పెట్టి తప్పయిందని చెప్పాను. కానీ పాపను సామాన్ల గదిలో పెట్టి గొళ్ళెం వేశారు. మీ ఫోను రాగానే నేను నస్రుల్లాబాద్‌లో నాట్లు మధ్యలో వదిలి బస్సెక్కి వచ్చేసరికి గోడకు తల కొట్టుకుంటోంది.

"గిట్లయితే మేమెట్ల సదువు జెప్పాలె అమ్మా? ఇంట్లనే ఉంచుకోరాదా?" అన్నారు మీరు.

అది మొండితనం కాదు సారూ. తనకు ఆటిజం ఉందని చేర్పించిన రోజే చెప్పాను. ఆ చప్పుడు తనకు నొప్పి. ఇంట్లో మిక్సీ వేసేముందు "బిడ్డా, చప్పుడైతది" అంటాను. తనే పెరట్లోకి పోతుంది, ఆగాక వస్తుంది. బడిలోనూ మైకు పెట్టేముందు ఒక మాట చెప్పి, వరండా చివర నిలబడనివ్వండి. అరిచినప్పుడు ఎవరూ పట్టి లాగొద్దు, పిల్లల్ని చుట్టూ మూగనివ్వొద్దు. కాసేపటికి తనే సర్దుకుంటుంది.

"సదువు లేకుంటే ఏమైతది, మానిపియ్యి," అంటోంది మా అత్త. నాకూ ఒక్కోసారి అదే అనిపిస్తోంది. కానీ పొద్దున చూస్తే పాప యూనిఫాం వేసుకొని, బ్యాగు తగిలించుకొని గడప మీద కూర్చుంది. నుదుటి మీద వాపు ఇంకా తగ్గలేదు. "నెత్తి నొస్తుందా?" అని అడిగితే "బడి" అంది.

ఇద్దరం వస్తున్నాం. ఈ ఉత్తరం లోపలికి పంపి, మీరు పిలిచేదాకా గేటు దగ్గరే ఉంటాం. మైకు పెట్టకముందే పిలవండి.

సౌజన్య అమ్మ