గాజమ్మ ఎలా చనిపోవాలి?

కరుణా,

నేనే, ప్రసాద్‌ని. నువ్వు వెళ్ళిపోయి ఎనిమిది నెలలు దాటింది. బాగున్నావా అని అడగబోయి ఆగాను... అయినా అడుగుతున్నాను. బాగున్నావా?

నేను తింటున్నాను, పడుకుంటున్నాను, ఆఫీసుకి వెళ్తున్నాను. అత్తయ్య గన్నవరం నుంచి రోజూ సాయంత్రం ఫోన్ చేసి అన్నం తిన్నావా బాబూ అని అడుగుతారు. తిన్నానంటాను. ఆవిడ నమ్మరు. అలా గడిచిపోతోంది.

ఈ ఉత్తరం అందుకు కాదులే. మన గాజమ్మ గురించి. నువ్వుంటే ఈపాటికి మన బాసు రఘు గారితో పెద్ద గొడవే పెట్టుకునేదానివి. నాకంత నోరు లేదని నీకు తెలుసు కదా.

మనం మొదలుపెట్టిన వీడియో గేమ్, అదే మన ఆట, దాదాపు పూర్తయింది. గవర్నర్‌పేటలో అదే మేడ మీద ఆఫీసు, కింద అదే స్టీలు సామాన్ల కొట్టు, పొద్దస్తమానం అదే చప్పుడు. నీ కుర్చీలో ఒక కొత్తమ్మాయి కూర్చుంటోంది. మంచి పిల్లే. అయినా ఆ పిల్ల కుర్చీ వెనక్కి వాల్చినప్పుడల్లా నాకు చిరాకేస్తుంది.

మొదటి రోజులు గుర్తున్నాయా? కృష్ణ సముద్రంలో కలిసేచోట బతికే ప్రాణి ఒకటి కావాలి, ఇంతవరకూ ఏ ఆటలోనూ లేనిది కావాలి అన్నారు రఘు గారు. రొయ్యలోంచి పుట్టిద్దాం అన్నావు నువ్వు. మేమంతా తలా ఒక బొమ్మ గీసి తెచ్చాం. అన్నీ ఎర్రగా, గుండ్రంగా ముడుచుకుని ఉన్నాయి. నువ్వు వాటిని వరసగా చూసి, "బాగానే ఉన్నాయి కానీ ఇవి రొయ్యలు కాదు, ఇగురు. ఉల్లిపాయలే తక్కువ" అన్నావు. అందరం ఆదివారం వస్తే రొయ్యలు తిన్నవాళ్ళమే. బతికున్నదాన్ని సరిగ్గా చూసినవాడు మాలో ఒక్కడూ లేడు.

కృత్తివెన్ను దగ్గర మీ పెదనాన్న గారి చెరువు నుంచి బతికున్న రొయ్యల్ని ఆక్సిజన్ నింపిన కవర్లలో తెచ్చాం. చెరువు నీళ్ళు క్యాన్లలో మోసుకొచ్చాం. మన హాల్లో పెద్ద ప్లాస్టిక్ టబ్బు, అందులో బుడగలొదిలే మోటారు, ఇల్లంతా నీచు వాసన. ఇంటి ఓనర్ గారు ముక్కు మూసుకుని వచ్చి వెళ్ళారు కూడా. నువ్వు మాత్రం నేల మీద బోర్లా పడుకుని గంటలకొద్దీ చూసేదానివి. నువ్వు గీసిన బొమ్మల్ని తెర మీద కదిలించే పని నాది కదా, నాతో నీది ఎప్పుడూ ఒకటే మాట: "చూడనిది కదిలించకు ప్రసాదూ. చూసిందే కదిలించు."

అమావాస్యకి ఒకటి గుల్ల విడిచింది. పక్కకి ఒరిగి, ఒక్క విదిలింపుతో పాత గుల్లలోంచి బయటికొచ్చేసింది. గాజులా ఉంది. లోపలి నల్లటి పేగు కూడా కనబడుతోంది. కదలలేక అలా పడి ఉంటే మిగతా రొయ్యలు దాన్ని పీక్కు తినడానికి వచ్చాయి... నువ్వు చప్పున చేయి పెట్టి దాన్ని గిన్నెలోకి తీశావు. "కొత్త గుల్ల గట్టిపడటానికి దీనికి ఒక్కరోజు కావాలంతే. ఆ ఒక్కరోజూ ఎవరైనా కాపలా కాస్తే చాలు" అన్నావు.

గాజమ్మ అప్పుడు పుట్టింది. అది మెత్తబడ్డప్పుడు ఆడేవాళ్ళు కాపలా కాయాలి. గట్టిపడ్డాక వాళ్ళని వీపు మీద ఎక్కించుకుని సముద్రంలోకి తీసుకెళ్తుంది. ఎంత మంచి ఆలోచన అది!

ఇప్పుడు మార్చేశారు. పెట్టుబడి పెట్టేవాళ్ళకి కాపలా నచ్చలేదు. ఎవరాడతారు అలాంటి ఆట అన్నారట. మెత్తబడ్డప్పుడే దాన్ని చంపాలి, చంపితే బహుమానం. లేదంటే గాజమ్మని పూర్తిగా తీసేయమన్నారు. ఈ మాట చెప్పేటప్పుడు రఘు గారు నా మొహం చూడలేదు, పాపం. చావుని కదిలించే పని నాకే వచ్చింది.

నీ బొమ్మలన్నీ వెతికాను. అది ఈదడం, నిద్రపోవడం, అలగడం, ఇసుకలో దాక్కోవడం అన్నీ ఉన్నాయి. చావు మాత్రం గీయలేదు నువ్వు. ఎందుకు గీస్తావు?

ఎన్ని రకాలుగా చేసినా నాటకాల్లో చావుల్లాగే వచ్చింది. గాజమ్మ లేకపోతే నీ చేతి పని ఒక్కటి కూడా బయటికి రాదు కదా... ఎలాగైనా ఉంచాలని పంతం పట్టాను. ఒకరోజు కూర్చుని ఆపకుండా చేసేశాను. చాలా బాగా వచ్చింది కరుణా.

అందరూ నా వెనక నిలబడి చూశారు. గాజమ్మ మొప్పలు లేస్తాయి, ఆగుతాయి. మళ్ళీ లేస్తాయి, ఈసారి ఆగడం ఇంకొంచెం పొడుగు. చివర్లో ముందుకాలు ఒకటి దేన్నో పట్టుకోబోయినట్టు ముడుచుకుని, మెల్లగా విడిపోతుంది. కొత్తమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఇంత సహజంగా ఎలా వచ్చింది, ఎక్కడ చూసి చేశావు అని రఘు గారు అడిగారు.

ఎక్కడ చూశాను?

అప్పటిదాకా నాకే తెలియదు. నిజంగా తెలియదు. ఆసుపత్రిలో నీ మంచం పక్కన కూర్చుని, ఏడవడం కూడా మర్చిపోయి చూశాను. ఆ ఊపిరి నీది. ఆ ముడుచుకున్న కాలు నా చేతిలో ఉన్న నీ చిటికెనవేలు. నువ్వు పోతుంటే కూడా నా కళ్ళు పని చేస్తూనే ఉన్నాయా? నేను మనిషినేనా? నువ్వైతే ఏమనేదానివి... తిట్టేదానివా, ఇంకాస్త నెమ్మదిగా కదిలించమనేదానివా? నువ్వు రెండోదే అంటావేమోనని కూడా భయంగా ఉంది.

ఆ సాయంత్రం సిటీ బస్సులో నా పక్కనాయన ఫోన్‌లో ఏదో ఆట ఆడుతున్నాడు. కండక్టర్‌కి చిల్లర ఇస్తూనే బొటనవేలితో ఒక జంతువుని చంపాడు. అది ఇంకా పడిపోతుండగానే, దానివైపు చూడకుండా ముందుకు వెళ్ళిపోయాడు. ఆయన తప్పేం లేదు, ఆట అంతే. నేను మాత్రం ఇంక చూడలేక, నా స్టాపు రాకముందే దిగిపోయాను.

రేపు ఆటని ఆ పెట్టుబడివాళ్ళకి పంపాలి. పొద్దున్నే వెళ్ళి, నేను చేసిన ఆ చావుని ఎక్కడా మిగలకుండా తీసేస్తాను. ఎందుకని అడిగితే రఘు గారికి చెప్పలేను. చావు లేకపోతే వాళ్ళు ఉంచరు కాబట్టి, ఆటలోంచి గాజమ్మే పోతుంది. నువ్వంత ప్రేమగా చేసింది ఎవరూ చూడరు. కోపం వస్తే కోప్పడు, పడతాను.

నువ్వు పోవడం నేను ఒక్కసారి చూశాను. ఇంకెవరి బొటనవేలి కిందా నిన్ను పోనివ్వను.

నీ
ప్రసాద్