బాపును దింపి నడిపించిన వాలు

జైనూర్, 14 డిసెంబర్ 1991

ఉద్యోగం మాన్పించి నన్ను మెట్‌పల్లికి తీసుకుపోదామనే బాపు వచ్చాడు. ఈ గుట్టల్లో సైకిల్ మీద బడికి పోయి కాళ్లు చేతులు విరగ్గొట్టుకుంటానని ఆయన భయం. ఎంత చెప్పినా వినలేదు. అందుకే ఈ రోజు ఆయననే వెనక కూర్చోబెట్టుకుని బడికి పోయాను.

తిరిగి వస్తుంటే వాలు దగ్గర, పైకి ఎక్కుతూ పత్తి బండి ఎదురైంది.

"గంట కొట్టు బిడ్డా" అన్నాడు బాపు.

"కొడితే ఎడ్లు బెదురుతయి, బండి ఎనుకకు జారుతది. దిగు బాపూ."

పక్కన చేను తొక్కకుండా గట్టు మీద నిలబడ్డాం. బండి తోలే లింగన్న నవ్వాడు.

"ఏంది పంతులమ్మా, మీ బాపును గూడ నడిపిస్తున్నవా?"

"రోజూ గిట్లనే దిగుతదా తమ్మీ?" అని బాపు అతన్నే అడిగాడు.

"గీ వాలు కాడ ఎప్పుడూ సైకిల్ మీద చూడలే."

 బాపు కింది దాకా నా పక్కనే నడిచాడు.

అన్నం తిన్నాక, పెట్టె సర్దుకోమంటాడని ఎదురుచూశాను.

"పొద్దుగాల బస్సు కాడ దింపు బిడ్డా. నాది సంచి ఒక్కటే" అని పడుకున్నాడు.

ఇంటి దగ్గర అవ్వకు ఏం చెప్పుకుంటాడో మరి…