కవితాళలో పత్తి లారీకి తగిలిన కేబుల్

మంగళవారం, రాత్రి

రేపటితో పంట బీమా గడువు అయిపోతుంది. కవితాళ సేవాకేంద్రంలో సుజాత దగ్గర రైతుల దరఖాస్తులు ఇంకా మిగిలే ఉన్నాయి, నెట్ రోజూ మధ్యాహ్నం కాగానే పోతూ వచ్చింది. నెట్ కంపెనీవాళ్లు ఆఫీసు నుంచే పరీక్షించి లైన్ బాగుందన్నారు. ఇద్దరి మాటలూ పెట్టి నిన్ననే మా పేపర్‌కు వార్త రాసేశాను.

ఈరోజు కంపెనీ లైన్‌మన్ మహబూబ్ వచ్చాడు. అతని మీటర్ కూడా బాగుందనే చూపించింది. అయినా అతను వెళ్లకుండా రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గంట తర్వాత, సరిగ్గా మధ్యాహ్నం వేళకు, ఎత్తుగా పత్తి నింపిన లారీ ఒకటి, వేలాడుతున్న కేబుల్‌ను వంచుకుంటూ పోయింది. సేవాకేంద్రం లోపల నెట్ పెట్టెలో, లైన్ పోయిందని ఎర్ర లైటు వెలిగింది.

మహబూబ్ పరుగెత్తి లారీ ఆపాడు. "ఒక్కసారి వెనక్కి రా భయ్యా!"

"నీ నెట్‌కు నా డీజిల్ ఏంది?" అని తిట్టుకుంటూనే డ్రైవర్ వెనక్కి వచ్చాడు. మళ్లీ ఎర్ర లైటు.

కేబుల్ ఎత్తి కట్టాక సుజాత, "నెట్ వచ్చేసిందండీ, ఇంక వెళ్లండన్నా" అంది.

"ఇంకో లారీ పోనీ చెల్లె."

వార్త కోసం అదే రోడ్డు మీద నేను మూడుసార్లు తిరిగాను, ఒక్కసారీ తలెత్తి చూడలేదు. ఇలా ఇంకెన్ని వార్తలు రాశానో...

రెండో లారీ కేబుల్‌ను తాకకుండానే వెళ్లింది. లోపల సుజాత తర్వాతి రైతు పేరు పిలిచింది.