బెల్లం గురించి బాపుకు

బాపూ,

నీ బిడ్డ సుజాతను. నువ్వు పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం కూడా అయిపోయింది. యాటకూర వండి, కల్లు పోసి నీ ఫొటో ముందు విస్తరాకు వేశాం. పక్కనే అమ్మ బెల్లం ముక్క పెట్టింది. అది చూసి నాకు ఒళ్లు మండింది. ఎందుకో నీకు తెలుసు... నీకూ నాకూ మాత్రమే తెలుసు.

హైదరాబాదులో నేనేం చేస్తున్నానో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. "మా బిడ్డ సీసాలల్ల ఏందో కలుపుతది" అని షిఫ్టులో అందరికీ చెప్పుకునేవాడివి. ఇప్పుడు విను. పుండు మీద పోస్తే నురగ వస్తుందే, ఆ పెరాక్సైడ్ మందు, దానికి కాస్త ఇనుము కలుపుతాను. అందులోంచి ఫ్రీ రాడికల్స్ పుడతాయి. వాటిలో ఒక ఎలక్ట్రాన్‌కు జత ఉండదు. ఆ లోటు తీర్చుకోవడానికి ఎదురుపడ్డ దాని మీదల్లా పడతాయి. క్షణం ఆగవు, అయినవాళ్లా కానివాళ్లా అని చూడవు. ప్రొటీన్ అయితే చెడుతుంది, డీఎన్‌ఏ అయితే తెగుతుంది.

నేను కావాలనే తెగనిస్తాను. డీఎన్‌ఏ మీద ప్రొటీన్ కూర్చున్న చోట వాటికి సందు దొరకదు. అక్కడ తప్ప మిగతా అంతా తెగుతుంది. తెగని చోటు చూసి, ప్రొటీన్ ఇక్కడ కూర్చుంది అని చెప్తాం. నువ్వు బొగ్గుబాయిలో డ్యూటీ దిగి వచ్చి టోపీ తీస్తే, ముఖమంతా నలుపే, నుదుటి మీద ఒక్క పట్టీ మాత్రం చర్మం రంగులో ఉండేది చూడు... అట్లాంటిదే. చిన్నప్పుడు ఆ పట్టీ మీదే ముద్దు పెట్టేదాన్ని.

బొగ్గు దుమ్ములోనూ ఇనుము ఉంటుంది బాపూ. దుమ్ము లోపలికి పోతే, దాన్ని చంపుదామని మన ఒళ్లే ఆ పెరాక్సైడ్‌ను తయారు చేసుకుంటుంది. నేను ల్యాబు గొట్టంలో చేసేది నీ ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి జరిగింది. నాకు కావలసినంత తెగగానే నేను ఆపేస్తాను. నీ లోపల ఎవరు ఆపాలి? మొన్న మా సారు, డీఎన్‌ఏ కోత భలే సమంగా పడిందని మెచ్చుకున్నారు. సంతోషపడ్డాను కూడా. నిన్ను తిన్నదే నాకు పేరు తెస్తోంది.

ఇంకో సంగతి విని నవ్వుకో. గొట్టంలో చక్కెర పడితే నా ప్రయోగం చెడిపోతుంది. రాడికల్స్ ముందు చక్కెర మీద పడి అక్కడే అయిపోతాయి, డీఎన్‌ఏ దాకా రావు. ఆ మాట విన్న రోజు నువ్వే కళ్ల ముందు కనబడ్డావు, స్నానం కూడా కాకముందే బుగ్గన బెల్లం పెట్టుకుని. "బెల్లం తిన్నోన్ని బొగ్గు ఏం చేస్తది బిడ్డా? లోపలిదంతా కడిగేస్తది." నిజానికి ఎంత దగ్గరిదాకా వచ్చావు బాపూ! కాకపోతే బెల్లం కడుపులోకి పోతుంది. దుమ్ము ఉన్న చోటికి పోదు.

కంపెనీ డాక్టర్లు నిన్ను బాయి పనికి అన్‌ఫిట్ అని రాసిన రోజు గుర్తుందా? ఇంకో ఊళ్లో అయితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. మన క్వార్టర్ల లైన్లో లడ్డూలు పంచాం. తండ్రి అన్‌ఫిట్ అయితేనే కదా కొడుక్కి కంపెనీలో ఆ నౌకరి! డబ్బా పట్టుకుని ఇంటింటికీ నువ్వే పోయావు. "మావోనికి నౌకరి వచ్చినట్టే" అంటూ, రెండిళ్లకోసారి గోడ పట్టుకుని నిలబడుతూ... అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇప్పుడు తమ్ముడు శీను బాయి దిగుతున్నాడు. పొద్దున లేస్తే దగ్గు. నేను పంపిన మాస్కు మేకుకు వేలాడుతోంది. ఎందుకు పెట్టుకోవురా అని సంవత్సరీకం నాడు అడిగాను. "బాపు పెట్టుకున్నడా? బెల్లం తింటున్న గదా" అన్నాడు, అచ్చం నీ గొంతుతో. అమ్మ నీ ఫొటో ముందున్న ముక్క తీసి వాడి నోట్లో పెట్టింది.

దవాఖానలో ఆక్సిజన్ గొట్టం పక్కకు జరిపి నువ్వు నాతో ఏమన్నావు? "బెల్లం ఏం పని చెయ్యలే బిడ్డా. నాకెప్పుడో తెల్సు. శీనుకు చెప్పకు. భయపడితే బాయి దిగడు. నా మీద ఒట్టు." నీ నెత్తి మీద నా చెయ్యి పెట్టించుకున్నావు. ఎప్పుడో తెలిస్తే మరి ఎందుకు తిన్నావు? వాడికెందుకు నేర్పావు? వాడు భయపడితే నీకేం పోయేది?

ఏడాది నోరు మూసుకున్నాను. ఇక చాలు. వచ్చే ఆదివారం ఇంటికి పోతున్నాను. అమ్మ ముందు, నీ ఫొటో ముందు శీనును కూర్చోబెట్టి, నీ మాటను నువ్వన్నట్టే చెప్తాను. నిన్ను అబద్ధాలకోరు అనుకుంటాడు, అనుకోనీ. భయపడనీ.

ఒట్టు తప్పితే, ఎవరి మీద వేశామో వాళ్లు చస్తారంటారు. ఆ భయం నాకిక ఎందుకు బాపూ?

నీ బిడ్డ,
సుజాత