సూచికలో చేతులు లేవు

జూన్ 3, సోమవారం

ఈ రోజు నుంచి సాఫ్ట్‌బాల్ రూల్ బుక్ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతాను. రోజూ పొద్దున్నే కాఫీతో పది పేజీలు. ఇకమీదట జ్ఞాపకం మీద ఒక్క తీర్పు కూడా ఇవ్వను!

ఇన్నేళ్ళుగా అంపైరువి కదా, ఇప్పటిదాకా చదవలేదా అని మా ఆవిడ మార్లిస్ అడిగింది. అవసరమైనప్పుడల్లా చూశానన్నాను.

అసలు సంగతి మోకాలు. ఆగస్టులో ఆపరేషన్. ఆ తర్వాత బ్యాటింగ్ జరిగే హోమ్ ప్లేట్ వెనక మోకాళ్ళు వంచి నిలబడడం కుదరదని డాక్టర్ తేల్చేశాడు. నెబ్రాస్కా రాష్ట్ర ఫైనల్లో ఒక్కసారైనా ప్లేట్ వెనక నిలబడాలని నా ఆశ. ఇదే ఆఖరి వేసవి. ఎవరిని పెట్టాలో తేల్చేది మా అంపైర్ల పెద్ద జార్జీన్ పోస్పిషిల్ గారు. పదమూడున మా మ్యాచ్‌కి వస్తున్నారు.

పసుపు మార్కర్ పెన్నులు కొన్నాను. మూడు.

జూన్ 4, మంగళవారం

ముందు నిర్వచనాలు చదవాలని పుస్తకమే అంటోంది. మాటకి అర్థం తెలియకుండా రూలు చదివితే తప్పుడు తీర్పే. ఎంత బాగా చెప్పారో! ముఖ్యమైన వాటికి పసుపు రాశాను. పేజీ అంతా పసుపే.

జూన్ 6, గురువారం

రన్నర్‌ని అడ్డుకోవడం అంటే ఏమిటో చూద్దామంటే ఎనిమిదో రూలుకి వెళ్ళమంది. అక్కడ కింద 'ఫలితం' చూడమంది. ఫలితం చివర్లో ఉన్న వివరణకి పంపింది. వివరణ మళ్ళీ నిర్వచనం దగ్గరికే తోలింది. మా ఊరి కరెంటాఫీసూ ఇంతే. కాఫీ చల్లారిపోయింది.

చదివింది: రెండు పేజీలు. ఒకటి నిన్నటిదే.

జూన్ 9, ఆదివారం

చదవలేదు. మార్లిస్ ఆప్రికాట్ జామ్ పెట్టిన కొలాచీ బన్నులు చేసింది. జిగురు చేతులతో పుస్తకం ముట్టుకోకూడదు.

చర్చి నుంచి ఆర్లో వచ్చాడు. నేను ప్లేట్ దగ్గరుంటే బేస్‌ల దగ్గర ఉండే అంపైరు వాడే. వాడి రూల్ బుక్‌కి ప్లాస్టిక్ కవరు కూడా ఊడలేదు. నా పసుపు పేజీ చూసి, పుస్తకానికి కామెర్లొచ్చాయన్నాడు. నాలుగు కొలాచీలు తిని వెళ్ళాడు.

జూన్ 12, బుధవారం

బాగా ఆలోచించాను. అన్ని రూళ్ళూ తెలియక్కర్లేదు, ఏది ఎక్కడుందో తెలిస్తే చాలు. వెనకున్న విషయసూచికని జెరాక్స్ తీయించి, మడిచి, నడుముకి కట్టుకునే బంతుల సంచిలో పెట్టాను. అంపైరు మైదానంలో రూల్ బుక్ తీయడమంటే మావాళ్ళలో తలవంపులు. కానీ ఒక్క కాగితం పుస్తకం కాదు. ఈ విషయమై రూలేమైనా ఉందేమో వెతకలేదు.

జూన్ 13, గురువారం

రాయబుద్ధి కావడం లేదు.

ఆఖరి ఇన్నింగ్స్. మూడో బేస్ మీద రన్నర్. బ్యాటింగ్ చేస్తున్న పిల్ల బలంగా బ్యాట్ ఊపింది. బంతి బ్యాట్‌కి తగల్లేదు, వేళ్ళకి తగిలి బంతి విసిరిన పిచర్ వైపు దొర్లింది. చేతులు బ్యాట్‌లో భాగమేనని, ఆట ఆపొద్దని జనం ఒకటే గోల. రన్నర్ హోమ్ ప్లేట్ వైపు పరుగు. బ్యాట్ పట్టిన పిల్ల మాత్రం చేతిని తొడల మధ్య పెట్టుకుని ఏడుస్తోంది.

ఆట ఆపడానికి నా చేతులు వాటంతటవే లేవబోయాయి. జ్ఞాపకం మీద తీర్పు ఇవ్వనన్నాను కదా, దించేశాను. సంచిలోంచి కాగితం తీశాను. సూచికలో 'చేతులు' లేవు. 'వేళ్ళు' చూశాను. లేవు.

ఆర్లో పరుగున వచ్చాడు. "ఒరే వెండెల్, అదేం చదువుతున్నావురా? ఆ పిల్ల వేళ్ళు చూడు!"

అప్పుడు చేతులెత్తాను. డెడ్ బాల్, ఊపి తప్పినందుకు స్ట్రైక్, రన్నర్ వెనక్కి మూడో బేస్‌కి. అప్పటికే ఆ రన్నర్ స్కోరు చేసి, నీళ్ళు తాగి, బెంచీ మీద కూర్చుని ఉంది. జార్జీన్ గారు స్టాండ్‌లో కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు.

జూన్ 14, శుక్రవారం

జార్జీన్ గారు ఫోన్ చేశారు. తీర్పు సరైనదేనన్నారు. ఆ రూలు స్ట్రైకుల కింద ఉంటుందట. ఏం తగిలిందని కాదు, చివరికి ఏమవుతుందని వెతకాలట. ఆ పిల్ల వేళ్ళు విరగలేదట, వాచాయంతే. ఫైనల్లో ప్లేట్ మాత్రం ఆర్లోకి ఇచ్చారు. నాకు మూడో బేస్.

ఫోన్ పెట్టేసే ముందు ఆవిడే అన్నారు:

"పోయిన వేసవిలో ఇలాంటి బంతికే మీరు రెప్పపాటులో చేతులెత్తడం చూశాను. అప్పుడే ఫైనల్‌కి మీ పేరు రాసుకున్నా. నిన్న ఊరికే, ఆ మాట చెబుదామని వచ్చాను."

గరాజ్‌లోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. మార్లిస్ తలుపు బయట కాఫీ పెట్టి వెళ్ళింది.

జూన్ 15, శనివారం

పొద్దున్నే ఆర్లో వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, కారులో ఫైనల్‌కి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం కాస్త చదివి వినిపిస్తావురా అని అడిగాడు. లోపలికి రమ్మన్నాను.

మూడో బేస్ దగ్గర మోకాళ్ళు వంచక్కర్లేదు. అంటే వచ్చే ఏడాది కూడా ఉంటాను. రేపట్నుంచి రోజూ పది పేజీలు. కాగితం చింపేశాను. పసుపు పెన్నులు ఇంకా రెండున్నాయి.