గది ముందు చెప్పులు

గౌలిపుర, 12 జూన్ 1987

తమ్ముడు ఇస్సాకుకు అన్న దీవెనలు.

దేవుని దయవల్ల నా బిడ్డ రాహేలుకు కంప్యూటర్ ఉద్యోగం వచ్చింది తమ్ముడూ! నీ బిడ్డను ఏ కంప్యూటర్ సెంటరులో చేర్పించాలని అడిగితివి. రాహేలు కోసం నేను అప్పుడు పది రోజులు తిరిగి తిరిగి మోకాళ్లు పోగొట్టుకున్న. ఒకచోట టీవీలో పాఠాలు, చల్లని గదిలో కొత్త మిషన్లు. దుమ్ము పడొద్దని చెప్పులు విప్పినంకనే ఆ గదిలోకి పోవాలట, కానీ బయట ఒక్క జత లేదు. పిల్లలను మిషన్ ముట్టనిస్తలేరని తెలిసిపోయింది. ఇంకోచోట పాత మిషన్లే, గది ముందు మాత్రం ఇరవై జతలు. అక్కడే చేర్పించిన.

ఈరోజు బిడ్డను ఆఫీసుకు తోలుకపోయి, అలసి, మిషన్ గది బయటనే, బిడ్డ విప్పిపోయిన చెప్పుల పక్కన కూలబడ్డ. చప్రాసి వచ్చి, "ఎవరు గావాలె తాతా?" అన్నాడు.

"ఎవ్వరొద్దు నాయనా. గీ చెప్పులామె బాపును" అన్న.

నీ అన్న