నాడా లేని పైజామా

మంగళవారం

నవీన్ ఇంకా పోలీస్ స్టేషన్‌లోనే ఉన్నాడని నిన్న రాశాను. తప్పు. జోల్వా ఊళ్లోని మగ్గాల షెడ్డులో జరిగిన కొట్లాటకు పట్టుకుపోయిన నా మనవణ్ణి అప్పటికే జైలుకు పంపేశారట. వకీలు బెయిలు రేపంటాడు. ఆయన క్యాలెండర్‌లో రేపు తప్ప మరో తేదీ లేనట్టుంది.

వాడికని తీసుకెళ్లిన పైజామాకు నడుం దగ్గరుండే నాడాను జైలు గేటు దగ్గర జవాను లాగేసి, పైజామాతో సహా నా చేతిలో పెట్టాడు.

"నాడా ఎందుకు తీసిండు అత్తమ్మా?" అంది కోడలు లలిత.

"దాన్ని పట్టుకొని గోడ దూకుతడని భయం. నీ కొడుక్కు పొద్దెక్కినా మంచం దిగుడే రాదని వాళ్లకేమెరుక?"

అసలు కారణం జవాను నాకొక్కదానికే మెల్లగా చెప్పాడు. కొత్తగా వచ్చిన పిల్లలు దాంతో ప్రాణాలు తీసుకుంటారట.

ములాఖత్ గదిలో అద్దం అవతల నవీన్ ఒక చేత్తో మాతో మాట్లాడే ఫోను, మరో చేత్తో జారుతున్న ప్యాంటు పట్టుకుని నిలబడ్డాడు. వాగుడుకాయ. ఈరోజు ఒక్క మాటే అన్నాడు. "నాయినమ్మా, నాకు నిద్ర పడ్తలేదు."

ఈ రాత్రి నాకూ...

రేపు పొద్దున్నే కడోదరా బజారులో వెడల్పాటి ఎలాస్టిక్ కొనాలి. లలితను పాలకు పంపాకే పైజామాకు నాడా బదులు కుట్టాలి. పక్కనుంటే ఎందుకని మళ్లీ అడుగుతుంది.